ఇంధనం ఉన్నా ఆగిపోయే ఇంజిన్లు: చిన్న విమానాల ప్రమాదాల్లో నివారించదగిన ముప్పు

ఘాజియాబాద్: 2020 జనవరి 23, గురువారం మధ్యాహ్నం. ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్ జిల్లా సదర్‌పుర్ గ్రామం సమీపంలో, ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వేపై ఒక చిన్న విమానం అత్యవసరంగా దిగింది. అది నేషనల్ క్యాడెట్ కోర్‌కు చెందిన జెనైర్ సీహెచ్ 701 రకం శిక్షణ విమానం. బరేలీ నుంచి హిండన్ వైమానిక స్థావరానికి వెళ్తుండగా సాంకేతిక లోపం తలెత్తడంతో రహదారిపై దించాల్సి వచ్చిందని అధికారులు అప్పట్లో తెలిపారు. విమానం రెక్క ఒకటి దెబ్బతింది. అందులోని ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు.

 అయితే దేశ రాజధాని ప్రాంతం వంటి జనసమ్మర్దం గల చోట ఒక్క ఇంజిన్ ఉన్న విమానానికి ఆ ఇంజిన్ సహకరించకపోతే పైలట్‌కు మిగిలే అవకాశాలు ఎంత తక్కువో అది చూపింది. పొలం, రోడ్డు, ఖాళీ స్థలం, వీటిలో ఏది అందుబాటులో ఉంటే దానిని కొద్ది నిమిషాల్లో ఎంచుకోవాలి. ఇంజిన్ ఆగిపోవడానికి కారణాలు అనేకం. కొన్ని పైలట్ చేతిలో ఉండవు. వాటిలో దాదాపు పూర్తిగా మనిషి చేతిలో ఉన్నది ఒకటుంది. అదే ఇంధన నిర్వహణ.

పెద్ద విమానయాన సంస్థల విమానాల్లో ఇంధన లెక్కను డిస్పాచర్, ఇద్దరు పైలట్లు, కంప్యూటర్లు కలిసి చూస్తారు. ప్రైవేటు చిన్న విమానంలో ఆ లెక్కంతా తరచుగా ఒకే మనిషి వేస్తాడు. ఎంత నింపాలి, ఏ ట్యాంకు నుంచి వాడాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్న మూడు నిర్ణయాలూ అతనివే. వాటిలో ఏ ఒక్కటి తప్పినా, ఏ లోపమూ లేని ఇంజిన్ గాలిలో ఆగిపోతుంది.

మూడు రకాల లోపాలు

ఇంధన సంబంధ ప్రమాదాలను దర్యాప్తు సంస్థలు ప్రధానంగా మూడు రకాలుగా చూస్తాయి.

మొదటిది ఇంధనం పూర్తిగా అయిపోవడం. విమానంలోని ఏ ట్యాంకులోనూ వాడదగిన ఇంధనం మిగలదు. బయలుదేరేటప్పుడు తక్కువ నింపడం, ఎదురుగాలిని తక్కువగా అంచనా వేయడం, దారి తప్పడం, వాతావరణం అనుకూలించక గాలిలో చక్కర్లు కొట్టడం ఇందుకు దారితీస్తాయి.

రెండవది ఇంధనం ఉన్నా ఇంజిన్‌కు అందకపోవడం. ఒక ట్యాంకు ఖాళీ అవుతుంది, మరొక ట్యాంకులో ఇంకా గంట ప్రయాణానికి సరిపడా ఇంధనం ఉంటుంది. కానీ పైలట్ ట్యాంకు మార్చడం మరచిపోతాడు, లేదా మీటను తప్పు స్థానంలో ఉంచుతాడు. విమానం కూలిన తర్వాత రెక్కలో నిండుగా ఇంధనం కనిపించిన ఉదంతాలు ఈ కోవకే చెందుతాయి.

మూడవది ఇంధనం కలుషితం కావడం, లేదా తప్పు ఇంధనం నింపడం. ట్యాంకులో నీరు చేరడం ఇందులో సర్వసాధారణం. పిస్టన్ ఇంజిన్ విమానంలో జెట్ ఇంధనం పోయడం అరుదైనదే అయినా మరింత ప్రమాదకరం. ఆ గొట్టాల్లో మిగిలివున్న పాత ఇంధనంతో ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది. విమానం నేలను విడిచిన తర్వాతే దెబ్బతింటుంది. ఈ పొరపాటును తప్పించేందుకే పిస్టన్ విమానాల్లో వాడే 100 ఎల్‌ఎల్ రకం ఏవియేషన్ పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. జెట్ ఇంధనం రంగు లేకుండా, లేదా లేత గడ్డి రంగులో ఉంటుంది. దానిని నింపే నాజిల్ మూతిని కూడా పెట్రోలు ట్యాంకు రంధ్రంలో పట్టనంత వెడల్పుగా తయారుచేస్తారు.

అనుభవం ఒక్కటే రక్ష కాదు

ఇలాంటి ప్రమాదాలు కొత్తగా నేర్చుకునేవారికే జరుగుతాయన్న అభిప్రాయం ఉంది. లెక్కలు అందుకు విరుద్ధంగా ఉన్నాయి. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2017లో విడుదల చేసిన హెచ్చరిక ప్రకారం, 2011 నుంచి 2015 వరకు ఆ దేశంలో చిన్న విమానాల విభాగంలో ఇంధన నిర్వహణ లోపాల వల్ల ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయి. వీటిలో 56 శాతం ఇంధనం పూర్తిగా అయిపోయినవి. 35 శాతం ఇంధనం ఉండీ ఇంజిన్‌కు అందనివి. సుమారు 95 శాతం ప్రమాదాల్లో సిబ్బంది ప్రణాళిక, నిర్ణయాలు, విమాన వ్యవస్థల వాడకమే కారణం. పరికరాల లోపం పాత్ర 5 శాతం మాత్రమే.

ప్రమాదానికి గురైన పైలట్లలో దాదాపు సగం మంది కమర్షియల్, లేదా అంతకంటే ఉన్నత స్థాయి లైసెన్సు ఉన్నవారు. విద్యార్థి పైలట్ల వాటా 2 శాతమే. విద్యార్థి ప్రతిసారీ పుస్తకం చూసి, శిక్షకుడి ఎదుట తనిఖీ చేస్తాడు. అనుభవజ్ఞుడు అదే తనిఖీని అంచనాకు వదిలేసే అవకాశం ఎక్కువ.

ట్యాంకులు, మీటలు

చిన్న విమానాల్లో ఇంధనం సాధారణంగా రెక్కల్లోనే ఉంటుంది. సెస్నా 172 వంటి విమానాల్లో రెక్క పైలట్ తలకు పైన ఉంటుంది కాబట్టి ఇంధనం గురుత్వాకర్షణతోనే కిందికి వస్తుంది. ఇందులో సెలెక్టర్ మీటకు ‘ఎడమ’, ‘కుడి’, ‘రెండూ’ అనే స్థానాలుంటాయి. ‘రెండూ’ అన్న స్థానంలో ఉంచితే రెండు ట్యాంకుల నుంచీ ఇంధనం వస్తుంది.

పైపర్ చెరోకీ వంటి విమానాల్లో రెక్క కింద ఉంటుంది. ఇంధనాన్ని పంపులతో పైకి తోడాలి. వీటిలో ‘రెండూ’ అనే స్థానం ఉండదు. ఒక ట్యాంకు ఖాళీ అయితే పంపు అందులోని గాలిని పీల్చుకొని, రెండవ ట్యాంకు నుంచి వచ్చే ఇంధనానికి కూడా అడ్డుపడవచ్చు. అందువల్ల పైలట్ ఒక క్రమం ప్రకారం ట్యాంకులు మారుస్తూ పోవాలి. ఒక రకం విమానంలో ఏళ్ల తరబడి ఎగిరి మరో రకంలోకి మారిన పైలట్‌కు ఈ తేడాయే ఉచ్చుగా మారుతుంది.

మీట ఎక్కడ ఉందన్నది కూడా ప్రాణాంతకం కాగలదనడానికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ మరణం. 1997 అక్టోబర్ 12న ఆయన నడుపుతున్న లాంగ్ ఈజెడ్ రకం విమానం కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ తీరం వద్ద సముద్రంలో కూలింది. ఇళ్లలోనే తయారుచేసుకోదగిన ఆ విమానాన్ని ఆయన అప్పుడే కొన్నారు. రెండు వేల గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఆయనకు ఉంది. మూల నమూనాలో ఇంధన మీట పైలట్ ముందు ఉంటుంది. ఈ విమానాన్ని నిర్మించిన వ్యక్తి దానిని పైలట్ ఎడమ భుజం వెనుకకు మార్చాడు. దానిని తిప్పాలంటే సీట్లో పూర్తిగా పక్కకు తిరగాలి. ఇంధన మట్టం చూపే గొట్టాలు కూడా పైలట్ వెనుకనే ఉన్నాయి. వాటిని చూసేందుకు విమానాశ్రయంలోని సాంకేతిక నిపుణుడు ఆయనకు ఒక అద్దం ఇచ్చాడు. ఇంధనం నింపాలా అని అడిగితే, గంటసేపే ఎగురుతానని డెన్వర్ వద్దన్నారు.

మీటను అందుకునే ప్రయత్నంలో ఆయన దృష్టి విమాన నియంత్రణ నుంచి మళ్లిందని, శరీరం తిప్పినప్పుడు పాదం కుడి రడ్డర్ పెడల్‌ను నొక్కి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. ఇంధనం నింపుకోకపోవడం, మీటను మార్చిన తీరు, కొత్త విమానంపై తగిన అవగాహన లేకపోవడం దోహదం చేసిన అంశాలుగా నమోదయ్యాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద తప్పిదంగా అనిపించదు.

గేజ్‌ను ఎందుకు నమ్మరాదు

కారులో ముల్లు చూసి పెట్రోలు పోయించుకునే అలవాటు విమానంలో పనికిరాదు. రెక్కలోని ట్యాంకు పలుచగా, వెడల్పుగా ఉంటుంది. విమానం కొద్దిగా వంగినా ఇంధనం ఒక పక్కకు చేరి గేజ్‌లోని ముల్లు మారిపోతుంది. పాత విమానాల్లో ట్యాంకులోని తేలే బిరడా ఆధారంగా పనిచేసే గేజ్‌లు కాలం గడిచేకొద్దీ మరింత తేడా చూపుతాయి.

అందుకే చిన్న విమానం బయలుదేరే ముందు పైలట్ స్వయంగా రెక్కపైకి చూసి, మూత తీసి, డిప్‌స్టిక్ అనే కొలత కర్రను ముంచి ఇంధన మట్టం చూడాలన్నది ప్రాథమిక నియమం. మూత మళ్లీ గట్టిగా బిగించడం కూడా అంతే ముఖ్యం. సరిగా బిగించని మూత నుంచి రెక్క మీదుగా వీచే గాలి ఇంధనాన్ని బయటకు లాగేస్తుంది. ఇక ట్యాంకు అడుగున ఉండే చిన్న కవాటం నుంచి నమూనా తీసి గాజు గొట్టంలో చూడాలి. నీరు ఇంధనం కంటే బరువైనది కాబట్టి అడుగుకు చేరి స్పష్టమైన గీతలా కనిపిస్తుంది. వర్షాకాలంలో, రాత్రి సగం ఖాళీగా ఉన్న ట్యాంకుల్లో తేమ గడ్డకట్టి నీరుగా చేరే అవకాశం ఎక్కువ.

కొలమానాల గందరగోళం మరో సమస్య. ఇంధనాన్ని లీటర్లలో కొంటారు, కొన్ని విమానాల గేజ్‌లు గ్యాలన్లలో చూపుతాయి, బరువు లెక్క కిలోల్లోనో పౌండ్లలోనో వేస్తారు. లీటరు ఏవియేషన్ పెట్రోలు సుమారు 0.72 కిలోలు, జెట్ ఇంధనం సుమారు 0.8 కిలోలు తూగుతుంది. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానం గాలిలో ఉండగా రెండు ఇంజిన్లూ ఆగిపోవడానికి ఈ మార్పిడే కారణం. గేజ్‌లు పనిచేయకపోవడంతో సిబ్బంది చేతి లెక్క వేశారు. లీటరుకు 0.8 కిలోలు అనాల్సిన చోట 1.77 పౌండ్ల లెక్కను వాడారు. 22,300 కిలోలు కావలసిన విమానం 22,300 పౌండ్లతో, అంటే సగానికంటే తక్కువ ఇంధనంతో బయలుదేరింది. పైలట్లు ఆ భారీ విమానాన్ని గ్లైడర్‌లా నడిపి, గిమ్లీ వద్ద మూతపడిన పాత వైమానిక స్థావరం రన్‌వేపై దించారు. విమానంలోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఒక ఊహాత్మక ప్రయాణపు లెక్క

తప్పు ఎలా పేరుకుపోతుందో ఒక సాధారణ లెక్కతో చూడవచ్చు. నలుగురు కూర్చునే ఒక చిన్న విమానం గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతూ, గంటకు 36 లీటర్ల ఇంధనం వాడుతుందనుకుందాం. ట్యాంకుల సామర్థ్యం 200 లీటర్లు. కానీ నలుగురు మనుషులు, సామాను ఎక్కితే బరువు పరిమితి వల్ల ట్యాంకులు పూర్తిగా నింపడం కుదరదు. అందుకని 120 లీటర్లు నింపారు. గమ్యం 400 కిలోమీటర్లు.

గాలి లేని రోజు ప్రయాణానికి 2 గంటలు, 72 లీటర్లు. ఇంజిన్ వేడెక్కించి, రన్‌వేకు చేరి, ఎత్తుకు ఎక్కడానికి అదనంగా 8 లీటర్లు. దిగేసరికి 40 లీటర్లు మిగలాలి. అరగంట రిజర్వుకు 18 లీటర్లు తీసేసినా ఇంకా 22 లీటర్లు చేతిలో ఉంటాయి. కాగితం మీద ఇది చక్కటి ప్రణాళిక.

ఇప్పుడు గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచిందనుకుందాం. నేలపై లెక్కించే వేగం 150 కిలోమీటర్లకు పడిపోతుంది. ప్రయాణం 2 గంటల 40 నిమిషాలవుతుంది. 96 లీటర్లు ఖర్చవుతాయి. ముందరి 8 కలిపితే 104. గమ్యం చేరేసరికి 16 లీటర్లే మిగులుతాయి. ఏ లోపమూ లేకుండానే రిజర్వు కరగడం మొదలైంది.

దీనికి తోడు పైలట్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనాల నిష్పత్తిని ఎత్తుకు తగ్గట్టు సరిచేయలేదనుకుందాం. పైకి వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది. అప్పుడు ఇంధనాన్ని కూడా తగ్గించకపోతే ఇంజిన్ అవసరానికి మించి తాగుతుంది. వాడకం గంటకు 42 లీటర్లకు పెరిగితే 2 గంటల 40 నిమిషాలకు 112 లీటర్లు. ముందరి 8 కలిపితే సరిగ్గా 120. గమ్యం కనుచూపు మేరలోకి వచ్చే సమయానికి ట్యాంకులు ఖాళీ. బయలుదేరినప్పుడు ఈ పైలట్ దగ్గర అవసరానికి 22 లీటర్లు ఎక్కువే ఉన్నాయి.

ఉత్తర భారత మైదానాల్లో ఈ లెక్కకు ప్రాధాన్యం మరింత ఎక్కువ. శీతాకాలంలో ఇక్కడ పైగాలులు పడమటి నుంచి వీస్తాయి. తూర్పు నుంచి ఢిల్లీ వైపు వచ్చే విమానాలకు అవి ఎదురుగాలులే. అదే కాలంలో పొగమంచు రన్‌వేలను కమ్మేస్తుంది. ఎదురుగాలిలో ఇంధనం కరిగించుకొని వచ్చిన విమానానికి గమ్యంలో దిగే వీలు లేక, మరో విమానాశ్రయం వెతుక్కోవాల్సిన అగత్యం ఏర్పడవచ్చు.

తిరుపతి సమీపంలో వరిపొలంలో దిగిన ఎయిర్‌బస్

తెలుగు నేలపై ఇంధనం నిండుకొని కూలిన విమానం చిన్నది కాదు. అయినా దాని పాఠం చిన్న విమానాలకూ వర్తిస్తుంది. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 440 విమానం, ఎయిర్‌బస్ ఏ300 రకం, బేగంపేటలో దృశ్యత తక్కువగా ఉండటంతో దిగే ప్రయత్నాన్ని విరమించుకుంది. తిరిగి పైకి లేస్తున్నప్పుడు రెక్కల వెనుక భాగంలోని ఫ్లాప్‌లు లోపలికి ముడుచుకోలేదు.

ఫ్లాప్‌లు దిగేటప్పుడు వేగం తగ్గించడానికి ఉపయోగపడతాయి. అవి బయటికి చాచి ఉంటే గాలి నిరోధం బాగా పెరుగుతుంది. విమానం నెమ్మదిగా, ఎక్కువ ఇంధనం తాగుతూ పోవాలి. ఆ స్థితిలోనే పైలట్లు మద్రాసుకు వెనుదిరిగారు. మామూలుగా ఎగిరితే సరిపోయే ఇంధనం ఫ్లాప్‌లు చాచిన విమానానికి సరిపోదని దారిలో స్పష్టమైంది. మద్రాసు చేరలేమని గ్రహించి తిరుపతి వైపు మళ్లించారు. అక్కడికీ చేరలేక వరిపొలంలో దించారు. విమానం పనికిరాకుండా పోయింది. అందులోని 262 మందిలో ఒక్కరూ మరణించలేదు.

ఫ్లాప్‌లు ఇరుక్కుపోవడం యంత్రలోపం. కానీ ప్రమాదానికి దారితీసింది ఆ తర్వాతి లెక్క. విమానం స్థితి మారినప్పుడు పాత ఇంధన లెక్క చెల్లదు. చక్రాలు ముడుచుకోకపోయినా, తలుపు సరిగా పడకపోయినా, దారి మళ్లినా లెక్కను మొదటి నుంచి వేయాలి. ఐసీ 440 ఉదంతం వదిలిన ప్రధాన పాఠం ఇదే.

రాజధాని ప్రాంతపు అనుభవాలు

2016 మే 24న పట్నా నుంచి రోగితో ఢిల్లీకి వస్తున్న ఎయిర్ అంబులెన్స్, కింగ్ ఎయిర్ సీ 90 రకం చిన్న విమానం, రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోవడంతో నైరుతి ఢిల్లీలోని నజఫ్‌గఢ్ ప్రాంతంలో కైర్ గ్రామం వద్ద పొలంలో దిగింది. రోగి, వైద్యుడు, సహాయకులు, పైలట్లు కలిపి ఏడుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. విమానాశ్రయం అప్పటికి మరెంతో దూరంలో లేదు. రెండు ఇంజిన్లకు ఒకేసారి వేర్వేరు యంత్రలోపాలు రావడం అత్యంత అరుదు. అందుకే ఇలాంటి సంఘటనల్లో దర్యాప్తు అధికారులు రెంటికీ ఉమ్మడిగా ఉండే ఇంధనాన్నే ముందుగా పరిశీలిస్తారు.

2019 జూలై 15న ముంబై నుంచి ఢిల్లీకి వచ్చిన విస్తారా విమానం ప్రతికూల వాతావరణం వల్ల లఖ్‌నవూకు మళ్లింది. అక్కడా దృశ్యత పడిపోవడంతో మరో చోటికి వెళ్లే ప్రయత్నం చేసి, తిరిగి లఖ్‌నవూకే వచ్చి, ఇంధన అత్యవసర పరిస్థితిని ప్రకటించి క్షేమంగా దిగింది. గాలిలో తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఇంధనంతో మూల్యం చెల్లించాల్సి ఉంటుందనడానికి ఇది ఉదాహరణ.

ఘాజియాబాద్‌లోని హిండన్ స్థావరంలో పౌర విమానాల టెర్మినల్ 2019లో ప్రారంభమైంది. అదే ఏడాది అక్టోబరులో తొలి సర్వీసు తొమ్మిది సీట్ల చిన్న విమానంతో ఉత్తరాఖండ్‌లోని పితోర్‌గఢ్‌కు నడిచింది. కొండ ప్రాంతాల చిన్న విమానాశ్రయాలకు వెళ్లే ఇటువంటి విమానాలకు అవతల ఇంధనం దొరుకుతుందా, వాతావరణం మూసుకుపోతే వెనక్కి రావడానికి సరిపోతుందా అన్నది బయలుదేరే ముందే తేల్చుకోవాల్సిన విషయం.

నిబంధనలు, అత్యవసర ప్రకటన

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం, కంటిచూపు ఆధారంగా నడిపే చిన్న విమానాలు గమ్యం చేరిన తర్వాత కూడా పగలైతే కనీసం 30 నిమిషాలు, రాత్రి అయితే 45 నిమిషాలు ఎగరగల ఇంధనం ఉంచుకోవాలి. పరికరాల సాయంతో నడిపేవారు గమ్యంలో దిగలేకపోతే వెళ్లాల్సిన ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి సరిపడా కూడా లెక్కలో చేర్చుకోవాలి. ఇది కనీస పరిమితి మాత్రమే. చాలామంది శిక్షకులు ఎప్పుడైనా గంట ఇంధనం తగ్గకుండా నేలకు చేరాలని బోధిస్తారు.

ఇంధనం తగ్గినప్పుడు పైలట్ వాడాల్సిన మాటలు కూడా నిర్దిష్టంగా ఉన్నాయి. ఇక ఏ మాత్రం ఆలస్యమైనా రిజర్వును వాడాల్సి వస్తుందన్నప్పుడు ‘మినిమమ్ ఫ్యూయల్’ అని చెప్పాలి. అది ముందస్తు సమాచారం మాత్రమే, ప్రాధాన్యం కోరడం కాదు. రిజర్వులోకి వెళ్లక తప్పదని తేలగానే ‘మేడే, మేడే, మేడే, ఫ్యూయల్’ అని ప్రకటించాలి. అప్పుడు నియంత్రణ కేంద్రం మిగిలిన విమానాలను పక్కకు తప్పిస్తుంది.

ఈ పదాల వెనుక విషాద చరిత్ర ఉంది. 1990 జనవరి 25న న్యూయార్క్ సమీపంలో అవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలినప్పుడు 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని సిబ్బంది చెప్పారు, కానీ అత్యవసర పరిస్థితి అన్న మాటను ఉపయోగించలేదు. 2016 నవంబర్ 28న బొలీవియా నుంచి కొలంబియా వెళ్తున్న లామియా 2933 విమానం మెడెలిన్ సమీపంలో కూలి, బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు షాపెకోయెన్సే సభ్యులు సహా 71 మంది చనిపోయారు. ఆ విమానం దాదాపు తన గరిష్ఠ పరిధికి సమానమైన దూరానికి, చట్టం కోరిన రిజర్వు లేకుండా బయలుదేరింది. పరిస్థితి విషమించినా సిబ్బంది చివరి నిమిషాల వరకు ప్రకటన చేయలేదు.

ఇంజిన్ ఆగితే

ఇంజిన్ ఆగిన విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 వంటిది సరైన వేగంతో జారితే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు రెండున్నర కిలోమీటర్లు ముందుకు పోగలదు. మూడు వేల అడుగుల ఎత్తులో ఆగితే సుమారు ఏడెనిమిది కిలోమీటర్ల పరిధిలో దిగే చోటు చూసుకోవాలి.

పైలట్‌కు నేర్పే క్రమం ఇది. ముందుగా ముక్కు దించి జారుడు వేగం నిలబెట్టుకోవాలి. తర్వాత దిగే చోటు ఎంచుకోవాలి. ఆ తర్వాతే కారణం వెతకాలి. అందులో మొదటి పని ట్యాంకు మార్చడం, పంపు వేయడం, మిశ్రమపు మీటను, కార్బ్యురేటర్ వేడిని సరిచూడడం. ఇంధనం అందకపోవడమే కారణమైతే, ట్యాంకు మార్చిన కొద్ది క్షణాల్లో ఇంజిన్ మళ్లీ అందుకోవచ్చు. అందుకోకపోతే మేడే ప్రకటించి, నేలను తాకే ముందు ఇంధనాన్ని, విద్యుత్తును ఆపివేయాలి.

రహదారి దూరం నుంచి రన్‌వేలా కనిపించినా చివరి ఎంపికే. విద్యుత్ తీగలు, స్తంభాలు, డివైడర్లు, వాహనాలు పై నుంచి ఆలస్యంగా కనిపిస్తాయి. కోసిన పొలం చాలాసార్లు మేలు. 2018లో ప్రారంభమైన 135 కిలోమీటర్ల ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే వెడల్పుగా ఉండటం 2020 నాటి పైలట్లకు కలిసొచ్చింది. కానీ కాలనీలుగా మారుతున్న శివారు పొలాల మీదుగా ఎగిరే ప్రతి పైలట్‌కూ అలాంటి చోటు దొరుకుతుందన్న హామీ లేదు.

శిథిలాలు చెప్పే సాక్ష్యం

భారత్‌లో ఇలాంటి ప్రమాదాలను విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ, పరిశీలిస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, నింద మోపడం కాదు. ఇంధనం లేని విమానం కూలితే సాధారణంగా మంటలు రావు, నేలపై ఇంధనపు వాసన ఉండదు. తిరగడం ఆగిన ప్రొపెల్లర్ రెక్కలు పెద్దగా వంగవు. ఇంధన మీట ఏ స్థానంలో ఉంది, కార్బ్యురేటర్‌లో ఎంత మిగిలింది, ఏ ట్యాంకు చిరిగింది, ఏది ఖాళీగా చెక్కుచెదరకుండా ఉంది అన్నవి చూస్తారు. చివరిసారి ఎక్కడ, ఎన్ని లీటర్లు నింపారన్న రసీదును గాలిలో గడిపిన సమయంతో సరిపోలుస్తారు. చాలా కేసులు ఈ లెక్కతోనే తేలిపోతాయి.

నివారణ మార్గాలు

నిపుణులు సూచించే జాగ్రత్తలు ఖరీదైనవి కావు.

బయలుదేరే ముందు గేజ్‌ను, డిప్‌స్టిక్‌ను, ఇంధన రసీదును విడివిడిగా చూడాలి. మూడూ ఏకీభవించకపోతే తక్కువ చూపేదాన్ని నమ్మాలి.

ఇంధనాన్ని లీటర్లుగా కాక గంటలు, నిమిషాలుగా లెక్కించాలి. ఎన్ని గంటలకు తప్పనిసరిగా నేలపై ఉండాలో ముందే రాసుకోవాలి.

దారిలో ప్రతి అరగంటకు అనుకున్న వాడకాన్ని, నిజమైన వాడకాన్ని సరిపోల్చాలి. ట్యాంకు మార్చే సమయానికి గడియారంలో అలారం పెట్టుకోవాలి.

కొత్త విమానం, లేదా మార్పులు చేసిన విమానం అయితే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మీట చేతికి అందుతుందో లేదో కూర్చుని చూసుకోవాలి.

వెనుదిరిగే స్థానాన్ని నేలపైనే నిర్ణయించుకోవాలి. గమ్యం దగ్గరపడిన కొద్దీ మధ్యలో దిగాలన్న ఆలోచన బలహీనపడుతుంది. రిజర్వు కరిగేది సరిగ్గా అప్పుడే.

ప్రయాణికులకూ ఇందులో పాత్ర ఉంది. అద్దె విమానంలో, ఎయిర్ అంబులెన్స్‌లో ఉన్నవారు తొందరలో ఉంటారు. రోగి బంధువులకు ప్రతి నిమిషం విలువైనదే. అయితే మధ్యలో దిగి ఇంధనం నింపుకుంటానని పైలట్ చెబితే అది ఆలస్యం కాదు, రక్షణ చర్య. ఆ అరగంట కోసం అతనిపై ఒత్తిడి తేకపోవడం విమానంలో ఉన్న అందరికీ మేలు చేస్తుంది.